ఈ కాలి మీద బరువుందా, లేదా? గుర్రం కాళ్లు గీయడం గురించి ఒక ప్రసంగం

(బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. వక్త బోర్డు మీద గీస్తూ మాట్లాడిన చోట్ల, మాటల్లోనే బొమ్మ అర్థమయ్యేలా ఉంటే అలాగే వదిలేశాం.)

కూర్చున్నారా అందరూ? వెనకవాళ్లకి వినబడుతోందా? సరే. కాగితాలూ పెన్సిళ్లూ కాసేపు పక్కన పెట్టేయండి. ఒకసారి లేచి నిలబడండి. అవును, అందరూ. కుడిచెయ్యి ముందున్న బల్ల మీద ఆనించండి. అరచెయ్యి మొత్తం కాదు, నడివేలి కొన ఒక్కటే తగలాలి. మిగతా వేళ్లు మడిచేయండి. గోరు అవతలివైపు, అరచెయ్యి మీవైపు. మణికట్టు పైకి లేచి ఉండాలి. మోచెయ్యి డొక్కకు ఆనించుకోండి.

ఇప్పుడు ఎవరి చెయ్యి వాళ్లు చూసుకోండి. అదే గుర్రం ముందుకాలు.

నవ్వకండి, నిజమే చెబుతున్నా. బల్ల దగ్గరున్న ఆ గోరుంది చూశారా, అది గిట్ట. గోరే మందమై వేలి చివరను చుట్టూ కమ్మేసింది. వేలు చేతిని కలిసేచోట పెద్ద కణుపు ఉంటుంది కదా, అది ఫెట్‌లాక్ కీలు. ఆ కణుపు నుంచి గిట్ట దాకా ఉన్న వేలు పాస్టర్న్. కణుపు నుంచి మణికట్టు దాకా అరచేతిలో దాగి ఉన్న ఎముక, గుర్రానికి బాగా పొడుగై, బలిసి, కానన్ ఎముక అయింది. ఇక మణికట్టు. గుర్రం ముందుకాలికి మోకాలు అంటాం చూడండి, అది మీ మణికట్టు. మరి మోచెయ్యి ఎక్కడుంది? డొక్కను ఆనుకుని. గుర్రానికీ అంతే, ఛాతీ కింది అంచు దగ్గర. మోచెయ్యి పైనున్న దండ ఎముక మొత్తం కండలో కూరుకుపోయి, ఒంటి గీతలోనే కలిసిపోతుంది. బయటికి కాలులా కనబడేది మోచేతి నుంచి కింది భాగమే.

కూర్చోండి. పక్క వేళ్ల సంగతేంటని ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. చూపుడువేలు, ఉంగరపువేలు వైపు అరచేతి ఎముకలు కానన్ ఎముకకు చెరోవైపునా సన్నగా, సగంలో ఆగిపోయి, అతుక్కుని ఉంటాయి. బొమ్మలో అవి కనబడవు. వాటిని గీయాలని చూడకండి.

వెనకకాలికి వద్దాం. దీనికి చెయ్యి పనికిరాదు, మీ కాలే కావాలి. మునివేళ్ల మీద నిలబడితే మడమ పైకి లేస్తుంది కదా? గుర్రం ఎప్పుడూ అలాగే ఉంటుంది, అదీ ఒక్క వేలి మీద. వెనకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే మూల ఉంటుంది, హాక్ అంటారు. ఆ మూల మడమ. చాలామంది దాన్ని వెనక్కి వంగిన మోకాలనుకుంటారు. అసలు మోకాలు పైన డొక్క దగ్గర, చర్మం మడతపడే చోట ఉంటుంది. దాదాపు మోచెయ్యి ఉన్న ఎత్తులోనే. ఆ ఎత్తు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? పేర్లు బట్టీ పట్టమని కాదు. పేర్లు మర్చిపోయినా నష్టం లేదు. ఏ కీలు ఎటు మడుస్తుందో మాత్రం మర్చిపోకండి. మణికట్టు ఎటు మడుస్తుంది? అరచేతి వైపు. అంటే గుర్రం ముందుకాలు ఎత్తితే ఆ కీలు ముందుకు వస్తుంది, దాని కింది భాగం వెనక్కి మడుస్తుంది. వెనకకాలు దీనికి తిరకాసు. మడమ వెనక్కే ఉంటుంది, దాని కింది భాగం ముందుకు, పొట్ట కిందికి మడుస్తుంది. ఈ రెండూ తారుమారైతే ఎంత బాగా నీడలు వేసినా లాభం లేదు. చూసేవాళ్లకి తప్పెక్కడుందో చెప్పడం రాకపోవచ్చు. ఏదో తేడాగా ఉందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇవాళ నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. గుర్రం కాలు గీసేముందు ప్రతిసారీ, ప్రతి కాలికీ, మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కాలి మీద బరువుందా, లేదా? అంతే. ఈ కాలి మీద బరువుందా, లేదా? నాలుగు కాళ్లుంటే నాలుగుసార్లు అడగండి.

బరువుంటే ఏమవుతుంది? ముందు ఫెట్‌లాక్ చూద్దాం. గుర్రం మామూలుగా నిలబడ్డప్పుడు కానన్ ఎముక నిటారుగా ఉంటుంది, పాస్టర్న్ ముందుకు వాలి ఉంటుంది. కీలు దగ్గర చిన్న వంపు. మీ వేలితో చూడండి మళ్లీ, నడివేలి కొన మీద బరువు మోపండి. కణుపు కిందికీ వెనక్కీ దిగుతుంది. గుర్రానిదీ అంతే. బరువు పెరిగేకొద్దీ దిగుతూ పోతుంది. పూర్తి దౌడులో ఒక్క కాలి మీద ఒళ్లంతా మోపిన క్షణంలో పాస్టర్న్ దాదాపు నేలకు సమాంతరమవుతుంది, ఫెట్‌లాక్ వెనక భాగం నేలను తాకేంత దగ్గరకొస్తుంది. మొదటిసారి ఫోటోలో చూస్తే కాలు విరిగిందేమో అనిపిస్తుంది. విరగలేదు. అది అలా దిగడానికే ఉంది.

అదే కాలు గాల్లోకి లేవగానే? దిగిన కీలు వెనక్కి మడిచేసుకుంటుంది. గిట్ట అడుగుభాగం వెనక్కి తిరుగుతుంది. ఈ రెండు స్థితులూ పూర్తిగా వేరు. నేర్చుకునేవాళ్ల బొమ్మల్లో నాకు ఎక్కువగా కనబడే తప్పు ఇదే. గాల్లో ఉన్న కాలికీ నేల మీదున్న కాలికీ ఒకే ఫెట్‌లాక్ వేస్తారు. కాలి మొత్తాన్ని పైకెత్తుతారు గానీ కీళ్లు అలాగే ఉంచేస్తారు.

మరి బరువు పడ్డప్పుడు కీలు పూర్తిగా కూలిపోకుండా ఆపేదేంటి? కండలా? కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ముందుకాలి మోకాలు కింద, వెనకకాలి హాక్ కింద, గుర్రానికి పైకి కనబడే కండ ఏమీ లేదు. లేదు! అక్కడున్నవి ఎముక, దాని వెనక పైనుంచి కిందికి దిగే స్నాయువులు, ఎముకకు అంటుకుని ఒక గట్టి బంధనం, వాటి మీద చర్మం. కాలిని కదిలించే కండలన్నీ పైన ఉంటాయి. కింద తాళ్లు మాత్రమే. అందుకే కాలి చివర అంత తేలిక, అందుకే అంత వేగంగా ఊపగలదు.

కాబట్టి మోకాలు కింద ఉబ్బెత్తు గీతలు వేయకండి. మన పిక్కల్లాగా ఏమీ ఉండదక్కడ. పక్కనుంచి చూస్తే ఆ భాగానికి రెండు పట్టీలు కనబడతాయి. ముందు ఎముక, వెనక స్నాయువు, మధ్యలో నిలువుగా సన్నటి గాడి. వెలుతురు పక్కనుంచి పడితే ఆ గాడిలో ఒక నీడ గీత వస్తుంది. ఆ ఒక్క గీత సరిగ్గా పడితే చాలు, కింది భాగమంతా గట్టిగా నిలబడుతుంది. ఇంకో సంగతి. పక్కనుంచి చూసినప్పుడు ఈ భాగం వెడల్పుగా, ఎదురునుంచి చూసినప్పుడు సన్నగా ఉంటుంది. గుండ్రటి గొట్టంలా గీస్తే రెండు వైపులా ఒకే వెడల్పు వచ్చేస్తుంది, అది తప్పు. అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుందనుకోండి, ముందు నుంచి వెనక్కి పొడవుగా.

మోకాలు గురించి రెండు మాటలు. ఎదురునుంచి చూస్తే అది కానన్ ఎముక కంటే బాగా వెడల్పు, ముందువైపు చదును. పక్కనుంచి చూస్తే వెనకవైపు చిన్న ఎముక ఒకటి పొడుచుకొస్తుంది. మీ మణికట్టులో అరచేతివైపు, చిటికెనవేలి పక్కన గట్టిగా ఒకటి తగులుతుంది చూడండి, అదే ఎముక. చాలామంది దాన్ని వదిలేస్తారు. వదిలేస్తే మోకాలు గొట్టం మధ్యలో ఒక ముడిలా తేలిపోతుంది.

గిట్టలకు వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే అందరూ తప్పించుకునేది ఇక్కడే కదా? గడ్డి గీసేస్తారు! గుర్రాలన్నీ మోకాళ్ల లోతు గడ్డిలోనే ఎందుకుంటాయో నాకు తెలుసు.

గిట్టను పక్కనుంచి చూడండి. ముందు గోడ పొడుగు, మడమ దగ్గర పొట్టి. పై అంచు, అంటే వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే గీత, నేలకు సమాంతరంగా ఉండదు. ముందు ఎత్తుగా ఉండి వెనక్కి వాలుతుంది. నేర్చుకునేవాళ్లు ఈ గీతను అడ్డంగా వేసేస్తారు, వేయగానే గుర్రం గిన్నెలు తొడుక్కున్నట్టు అయిపోతుంది. ముందు గోడ వాలు ఎంతుండాలి? ముందు గిట్టలకు ఇంచుమించు 50 డిగ్రీలు, వెనకవాటికి ఇంకాస్త నిటారు. కానీ కోణమానిని పట్టుకుని కూర్చోకండి. దీనికి తేలికైన పరీక్ష ఉంది. పాస్టర్న్ వాలూ గిట్ట ముందు గోడ వాలూ ఒకే సరళరేఖలో కలవాలి. ఫెట్‌లాక్ నుంచి గిట్ట కొన దాకా ఒక్క గీత గీయగలగాలి. ఆ గీత గిట్ట మొదట్లో విరిగిందంటే, గుర్రం కాలు బాగోలేదనో మీ బొమ్మ బాగోలేదనో అర్థం.

పైనుంచి చూసినా, కింద అడుగు చూసినా, ముందు గిట్టలు గుండ్రంగా, వెనక గిట్టలు కాస్త కోసుగా ఉంటాయి. ఎందుకంటారు? మళ్లీ బరువే. నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి. తల, మెడ అటే ఉన్నాయి కదా. వెనకకాళ్ల పని ప్రధానంగా తొయ్యడం.

వెనకనుంచి చూస్తే గిట్ట మడమ దగ్గర రెండు మెత్తటి గడ్డలు కనబడతాయి, మధ్యలో పల్లం. గాల్లోకి లేచిన కాలి అడుగు గీయాల్సొస్తే ఇంకొకటి కావాలి. మడమ నుంచి మధ్యలోకి కోసుగా వచ్చే త్రికోణం ఒకటుంటుంది, రబ్బరులా ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులో ఫ్రాగ్ అంటారు. లాడం కొట్టిన గుర్రమైతే చుట్టూ ఇనుప అంచు, దాని మధ్యలో ఈ త్రికోణం. దూరంనుంచి గీస్తున్నారా, ఇవేమీ అక్కర్లేదు. రెండు టోన్లు చాలు.

గిట్ట గోడ మీద గీతల సంగతి. గోడ పైనుంచి కిందికి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఆ పెరుగుదలకు పైఅంచు వంపును అనుసరించే సన్నటి వలయాలు కనబడతాయి. గోడలోని నారల దిశ మాత్రం పైనుంచి కిందికి. పెన్సిల్ దగ్గరగా పట్టి వివరంగా గీసేవాళ్లు ఈ రెండు దిశలూ చూపించండి, లేతగా. గట్టిగా వేస్తే చెట్టు బెరడైపోతుంది.

ఇక వెనకకాలు. నా దృష్టిలో మొత్తం గుర్రంలో అందమైన భాగం అదే, కష్టమైనదీ అదే. తుంటి, మోకాలు, మడమ, ఫెట్‌లాక్. ఎముకలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, మళ్లీ ముందుకు. ఈ వంకర వరుసలో ఒక రహస్యం ఉంది. మోకాలూ హాకూ విడివిడిగా మడవవు. పిక్క ఎముకకు ముందు ఒక బలమైన తాడు, వెనక ఇంకొకటి ఉన్నాయి. అవి ఈ రెండు కీళ్లనీ ఒకదానికొకటి కట్టేశాయి. మోకాలు ఎంత మడిస్తే హాక్ అంత మడవాలి. మోకాలు చాపితే హాక్ కూడా చాపుకోవాలి. వేరే దారి లేదు. పైన మోకాలు బాగా మడిచి, కింద హాక్ నిటారుగా ఉన్న బొమ్మ మీరు గీయొచ్చు. అలాంటి కాలు మాత్రం ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఉండదు.

దీనివల్ల మనకు లాభమేంటి? మోకాలు కండల్లో దాగి ఉంటుంది, దాని కోణం కంటికి సరిగ్గా తెలియదు. హాక్ మాత్రం స్పష్టంగా కనబడుతుంది. హాక్ కోణం చూసి మోకాలు కోణం ఊహించేయొచ్చు. కనబడేదాన్ని పట్టుకుని కనబడనిదాన్ని రాబట్టాలి.

నిలబడ్డ గుర్రానికి కొలత ఒకటి చెబుతాను, రాసుకోండి. పిరుదు చివర, తోక కింద పొడుచుకొచ్చే ఎముక కొన ఉంటుంది. అక్కడినుంచి నిలువుగా ఒక గీత కిందికి దింపండి. అది హాక్ మూలను తాకి, కానన్ వెనక అంచు వెంట దిగి, గిట్టకు కాస్త వెనక నేలను తాకాలి. హాక్ ఆ గీత దాటి వెనక్కి పోతే గుర్రం కాలు వెనక వదిలేసినట్టుంటుంది. ముందుకొస్తే కూర్చోబోతున్నట్టుంటుంది. ఇంకొకటి, హాక్ మూల ముందుకాలి మోకాలి కంటే ఎత్తులో ఉంటుంది. వెనక కానన్ ముందుదానికంటే పొడుగు. ఈ రెండూ ఒకే ఎత్తులో పెట్టేస్తే బల్లకు నాలుగు కాళ్లు పెట్టినట్టే ఉంటుంది.

గుర్రం నిలబడి నిద్రపోతుందని అందరూ వినే ఉంటారు. ఎలా? వెనకకాలి మోకాలిచిప్పను తొడ ఎముక మీద ఉన్న గట్టుకు తగిలించేస్తుంది. కీలు బిగుసుకుపోతుంది. ఆ మోకాలు బిగిస్తే హాక్ కూడా బిగిసినట్టే, ఇప్పుడే చెప్పుకున్నాం. పెద్దగా శ్రమ లేకుండా ఒక వెనకకాలు బరువు మోస్తుంది, రెండోదాన్ని వదులుగా వదిలేసి గిట్ట ముందు అంచు నేలకు ఆనిస్తుంది. కాసేపటికి కాలు మారుస్తుంది. గీసేవాళ్లకి ఇది బంగారం లాంటి భంగిమ. అడగండి ప్రశ్న. ఈ కాలి మీద బరువుందా, లేదా? ఉన్న కాలి వైపు తుంటి పైకి లేచి ఉంటుంది. లేని వైపు తుంటి కిందికి జారుతుంది. వెనకనుంచి చూస్తే నడుము గీత వాలిపోతుంది. కాలు ఒక్కటే వదులుగా గీసి తుంటి రెండువైపులా సమంగా ఉంచారనుకోండి, అబద్ధం ఇట్టే దొరికిపోతుంది.

ముందుకాళ్లను అలా వంతులవారీగా వదలదు, రెండింటి మీదా నిలబడుతుంది. ఒక ముందుకాలు చాపి, బరువు తీసేసి నిలబడ్డ గుర్రాన్ని చూస్తే, అది నొప్పితో ఉందేమోనని అనుమానించాలి. బొమ్మలోనూ అంతే. విశ్రాంతిగా ఉన్న గుర్రం అనుకుని అలా గీస్తే, గుర్రాలు తెలిసినవాళ్లు చూసి పాపం అంటారు.

కండలకు ఇప్పుడొచ్చాను. ఆలస్యంగా వచ్చానా? కావాలనే. మీలో సగంమంది కండలతో మొదలుపెడతారని నాకు తెలుసు.

ముందు భుజం. గుర్రానికి కంఠాస్థి లేదు, మన మెడ కింద అడ్డంగా తగిలే ఎముక ఉంది చూడండి, అది. అంటే ముందుకాలికీ మొండేనికీ మధ్య ఎముకతో ఎముక కలిసే కీలు లేనే లేదు. రెండు భుజపుటెముకలు రెండువైపులా నిలబడి ఉంటాయి, వాటి మధ్య కండల సాయంతో ఛాతీ ఉయ్యాలలో వేసినట్టు వేలాడుతుంది. అందుకే ముందుకాలు కదిలినప్పుడు భుజపుటెముక మొత్తం చర్మం కింద జారుతుంది. కాలు ముందుకెళ్తే ఎముక పై అంచు వెనక్కి వెళ్తుంది. భుజాన్ని కదలకుండా అక్కడే ఉంచి కాలిని మాత్రం ఊపితే కీలుబొమ్మలా ఉంటుంది.

భుజపుటెముక వెనక అంచుకూ మోచెయ్యికీ మధ్య పెద్ద త్రికోణపు కండ ఉంటుంది, ట్రైసెప్స్. మనకు దండ వెనక ఉన్నదే. మోచెయ్యి మడిచిపోకుండా పట్టి ఉంచేది ఇదే. బరువు మోస్తున్న కాలికి ఇది బిగుసుకుని అంచులు తేలతాయి, లేచిన కాలికి మెత్తబడుతుంది. మోచేతి కింద ముంజేతి ముందు ఒక కండ ఉబ్బుతుంది, కిందికొచ్చేసరికి సన్నబడి స్నాయువై మోకాలు మీదుగా వెళ్లిపోతుంది. ముంజేతి లోపలివైపు మాత్రం ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. బయట కండ, లోపల ఎముక. ఎదురునుంచి గీసేటప్పుడు రెండు అంచులూ ఒకేలా ఉబ్బించకండి.

వెనక పిరుదు, తొడ గుర్రానికి ఇంజను. అక్కడ కండలు పెద్దవి, కానీ గీతలు తక్కువ. ఈ మాట నమ్మడం కష్టం. బక్కగా, సాధన బాగా చేసిన గుర్రానికి తొడ వెనక పైనుంచి కిందికి ఒక నిలువు గాడి కనబడుతుంది, రెండు కండలు విడిపోయే చోటు. బాగా మేసిన గుర్రానికి అదీ ఉండదు. పెద్ద గుండ్రటి తలం, వెలుతురు, నీడ, అంతే. పిక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ముందు కండ, వెనక మడమకు దిగే తాడు, ఆ రెండింటి మధ్య హాక్ పైన ఒక పల్లం. చర్మం అక్కడ లోపలికి పోతుంది. ఆ పల్లం వేశారంటే మీకు గుర్రం తెలుసని తెలిసిపోతుంది. ఈ ఒక్కటీ వదలకండి.

శరీరం లోపల ఏముందో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లో జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు ఏం చేశాడో మీలో కొందరు వినే ఉంటారు. 1750ల్లో ఒక పల్లెటూరి ఇంట్లో చేరి, చచ్చిన గుర్రాలను కప్పీలతో వేలాడదీసి, నిలబడ్డ భంగిమలో అమర్చి, చర్మం తర్వాత ఒక్కో పొరా ఒలుస్తూ గీశాడు. ఆ పనితో గుర్రం శరీర నిర్మాణం మీద 1766లో పుస్తకం వేశాడు, ఫలకాలు తనే చెక్కుకున్నాడు. ఇప్పటికీ చూసి నేర్చుకునేవాళ్లున్నారు. అయితే ఒకటి గమనించారా? తర్వాత ఆయన వేసిన గుర్రాల చిత్రాల్లో ఆ కండలన్నీ లెక్కపెట్టి చూపించలేదు. నున్నటి చర్మం, మెరుపు, అక్కడక్కడ ఒక అంచు. అంతా తెలిసినవాడు తక్కువ గీశాడు. కొంచెం తెలిసినవాళ్లమే అన్నీ గీసి, ఒలిచిన గుర్రాన్ని పరిగెత్తిస్తాం.

కదలిక గురించి కొద్దిగా. పూర్వపు చిత్రాల్లో దౌడు తీసే గుర్రం ముందుకాళ్లు ముందుకీ వెనకకాళ్లు వెనక్కీ చాపి గాల్లో తేలుతుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ గుర్రప్పందెం చిత్రంలో గుర్రాలన్నీ అలాగే ఉంటాయి, అది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాక తేలిందేంటి? నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం ఉంది. కానీ అది కాళ్లు చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. కంటికి ఇది అందదు. ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. జెరికో చిత్రం ఇప్పటికీ వేగంగా ఉంటుంది. కాళ్ల అమరిక తప్పని తెలిసినా వేగంగానే ఉంటుంది. ఫోటో చూసి మక్కికి మక్కి దించిన ముడుచుకున్న గుర్రం చాలాసార్లు గాల్లో ఇరుక్కుపోయినట్టుంటుంది. ఎందుకు? అందులో ఏ కాలి మీదా బరువు లేదు కాబట్టి! దౌడు గీయాలంటే ఒక కాలైనా నేలను తొక్కుతున్న క్షణం ఎంచుకోండి. ఆ ఫెట్‌లాక్ దిగాలి, ఆ భుజం బిగుసుకోవాలి. మిగతా మూడు కాళ్ల వేగం ఆ ఒక్క కాలే చెబుతుంది.

నడక గీయాలంటే వరస గుర్తుపెట్టుకోండి. ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ఎప్పుడూ రెండో మూడో కాళ్లు నేల మీదుంటాయి. ఒకవైపు వెనక గిట్ట వచ్చి, అదేవైపు ముందు గిట్ట లేవబోతున్న చోటికి చేరుతుంది. ఆ క్షణంలో అటువైపు రెండు కాళ్లూ కిందివైపు దగ్గరకొచ్చి, తలకిందులైన త్రికోణంలా కనబడతాయి. ట్రాట్‌లో, అంటే నడక కంటే వేగంగా, దౌడు కంటే నెమ్మదిగా పోయే పరుగులో, అలా రాదు, ఎదురుబదురు కాళ్లు జతగా కదులుతాయి. ఎడమ ముందుదీ కుడి వెనకదీ ఒక జత. ఇవి కలిపేస్తే గుర్రం తడబడుతుంది.

మరి ఎలా మొదలుపెట్టాలి? నేను చేసే పద్ధతి చెబుతాను. నేల ముందు. కాగితం మీద నేల ఎక్కడుందో తేల్చుకుని నాలుగు గిట్టలు ఎక్కడ పడతాయో నాలుగు గుర్తులు పెడతాను. వాటిని కలిపితే ఒక చతుర్భుజం వస్తుంది, అది నేల మీద పడుకుని ఉండాలి, నిలబడకూడదు. దూరపు గిట్టలు కాగితం మీద కాస్త పైన పడతాయి. దీనికి అర నిమిషం చాలు. తర్వాత ఒళ్లు ఒక ముద్దగా, తర్వాత కీళ్లు చుక్కలుగా. ముందుకాలికి మోచెయ్యి, మోకాలు, ఫెట్‌లాక్. వెనకకాలికి మోకాలు, హాక్, ఫెట్‌లాక్. చుక్కలు కలపండి. ఇప్పుడు అడగండి, ఏ కాలి మీద బరువుంది? జవాబు వచ్చాక చుక్కలు సర్దండి. ఆ తర్వాతే మందం. కండలు అన్నిటికంటే చివర, అదీ ముందుకాలికి మోకాలు పైన, వెనకకాలికి హాక్ పైన మాత్రమే.

ఇంట్లో సాధనకు ఒక పని. ఏదైనా గుర్రం ఫోటో మీద పల్చటి కాగితం వేసి, లోపలి ఎముకలు గీయండి. అంచులు దించడం కాదు, ఎముకలు. మొదట్లో తప్పులొస్తాయి, అస్థిపంజరం బొమ్మ పక్కన పెట్టుకుని సరిచేసుకోండి. ఫోటోలతో ఒక జాగ్రత్త. ఫోన్‌తో దగ్గరనుంచి తీసినవి వద్దు. తల పెద్దదై కాళ్లు కుంచించుకుపోతాయి, ఆ కొలతలు నమ్మితే మోసపోతారు. దూరంనుంచి తీసినవి ఎంచుకోండి.

నిజం గుర్రం ముందు కూర్చునే అవకాశం దొరికితే, వెనక సరిగ్గా తోక దగ్గర మాత్రం నిలబడకండి. అది కదిలిపోతోందని బాధపడనక్కర్లేదు. ఒకే కాగితం మీద నాలుగైదు భంగిమలు మొదలుపెట్టి ఉంచండి. గుర్రం మళ్లీమళ్లీ అవే భంగిమలకు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ బొమ్మలోకి వెళ్లి ఇంకో రెండు గీతలు వేయండి.

ప్రశ్నలుంటే అడగండి. అక్కడ... చెప్పమ్మా. కాళ్ల లోపలివైపు నల్లటి మచ్చలాంటివి కనబడతాయి, అవేంటి అని అడుగుతున్నారు. చెస్ట్‌నట్ అంటారు, గట్టిపడిన చర్మం. ముందుకాళ్లకు మోకాలు పైన, వెనకకాళ్లకు హాక్ కింద, లోపలివైపు. దగ్గరనుంచి గీస్తుంటే వేయండి. చోటు మాత్రం తారుమారు చేయకండి.

ఇంకెవరు? బాబూ, నువ్వు. పిల్ల గుర్రం కాళ్లు ఎలా గీయాలి? బాగుంది. పుట్టిన పిల్లకు కాళ్ల పొడవు, ముఖ్యంగా మోకాలు కింది భాగం, పెద్దయ్యాక ఉండేదానికి చాలా దగ్గరగా ఉంటుంది. తర్వాత పెరిగేది ఎక్కువగా ఒళ్లు. కాబట్టి పెద్ద గుర్రాన్ని చిన్నగా గీస్తే పిల్ల అవ్వదు, పొట్టి గుర్రం అవుతుంది. ఛాతీ లోతు తగ్గించు, కాళ్లు అలాగే ఉంచు. కండలు దాదాపు వేయకు. కీళ్లు మాత్రం పెద్దగా వెయ్యి, సన్నటి కాళ్ల మీద మోకాలూ ఫెట్‌లాకూ ముళ్లు వేసినట్టు కనబడతాయి. అప్పుడే లేచిన పిల్లయితే నాలుగు కాళ్లూ వెడంగా పెట్టు, ఏ కాలి మీద ఎంత బరువు వేయాలో దానికింకా తెలియదు.